సుక్కి కూర్చోవలసిన ఆకు

అమ్మ పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం ఇది. భోపాలపట్నం సంతలో పచ్చి మామిడికాయలు గుట్టలుగా పోసి అమ్ముతుంటే, ఎందుకో తెలియకుండానే సంచీ నిండా కొనుక్కొచ్చాను. తీరా ఇంటికొచ్చి బల్ల మీద కుమ్మరించాక వాటిని ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆవకాయ పెట్టడం నాకు చేతకాదు. బళ్ళో పిల్లలకు పాఠం చెప్పడం తప్ప నాకేదీ సరిగా చేతకాదని అమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది, నేనూ ఎదురు చెబుతూనే ఉండేదాన్ని. పడక్కుర్చీలో కునుకు తీస్తున్న నాన్న కళ్ళు తెరవకుండానే వాసన పీల్చి, "మీ అమ్మను అడక్కుండా కొయ్యకు," అన్నారు. ఆయనకు ఈ మధ్య నిన్నా మొన్నా అన్నీ కలిసిపోతున్నాయి. సరే నాన్నా అని కత్తిపీట మళ్ళీ గూట్లో పెట్టేశాను. మధ్యాహ్నమంతా ఇల్లు పచ్చి కాయల జీడి వాసనతో నిండిపోయి, వడగాలికి కిటికీ పరదాలు లేస్తూ పడుతూ ఉంటే, నేను మెల్లమెల్లగా మేం ఒకప్పుడున్న తర్లగూడలోకి జారిపోయాను.

తర్లగూడలో మాది ప్రార్థన మందిరం వెనక పెంకుటిల్లు. నాన్న గోదావరి జిల్లా నుంచి పాస్టరుగా ఆ సరిహద్దు ఊరికి వచ్చి, కొద్ది రోజులుండి వెళదామనుకుని, అక్కడే స్థిరపడిపోయారు. ఊరి చివర, అడవిని ఆనుకుని మందిరం. చుట్టూ వెదురు కంచె, కంచె లోపలా బయటా మామిడిచెట్లు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారేసరికి ఆ తియ్యటి మత్తు వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది. అమ్మ ముక్కు చిట్లించేది గాని కిటికీ మాత్రం మూసేది కాదు. పొద్దున్నే నాన్న లాల్చీలకు గంజి పెట్టడం, కుంపటి మీద కాఫీ, ప్రార్థన, ఆ తరవాత నా చదువు మీద చీవాట్లు, ఈ వరసలో మా రోజు మొదలయ్యేది. ఎండలు ముదిరితే అమ్మకు పూనకం వచ్చేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీలు కడిగి ఎండబెట్టడం, ఆవాలు దంచడం, ముక్కకు టెంక ఉందా లేదా అని నాన్నతో పోట్లాడటం. ఆమె పెట్టిన ఆవకాయ ఊళ్ళో సగం ఇళ్ళకు వెళ్ళేది. పోలీసు థానాలో ఉన్న హిందీ సిపాయిలు కూడా గిన్నె పట్టుకుని వచ్చి, తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ వచ్చేవాళ్ళు.

నా ఇంటర్మీడియెట్ పరీక్షలు అయిపోయిన ఆ ఏడు ఊసూరు వైపు నుంచి కుటుంబాలు రావడం మొదలైంది. తర్రెం అవతలి అడవి ఊళ్ళ వాళ్ళు, దొర్ల తెగవాళ్ళు. గంపలో కోళ్ళు, నెత్తిన సత్తుబిందె, చంకన పిల్ల; ఒకాయన మాత్రం అన్నీ వదిలేసి తిరగలి రాయి భుజాన మోసుకొచ్చాడు. రెండు వైపులా తుపాకులే, మధ్యలో వీళ్ళ ఇళ్ళు కాలాయి. ఎవరు కాల్చారని నాన్న అడగలేదు, అడగొద్దని మాకూ చెప్పారు. అడిగితే చెప్పినవాళ్ళకే ప్రమాదం. మందిరంలో బెంచీలు బయటికి మోయించి, నేల మీద తాటాకు చాపలు పరిపించారు. పట్నంలో ఉన్న ఒక పెద్ద సంఘం వాళ్ళు బియ్యం, పప్పు, దుప్పట్లు లారీలో పంపారు. అమ్మ పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, పెళ్ళిళ్ళకు వాడే డేక్సాలు అరువు తెప్పించి, కొంగు నడుముకు చుట్టింది. మందిరంలో ఆదివారం పాటల మధ్య పసిపిల్లల ఏడుపులు, పొగ, గంజి వాసన కలిసిపోయాయి. నాన్న ప్రసంగాలు చిన్నవైపోయాయి. మాకది కాస్త సంతోషంగానే ఉండేది.

వాళ్ళలో ముత్తె అవ్వ ఉండేది. వంగిన నడుము, చెవుల నిండా పోగులు, ఎదుటి మనిషిని ఒకసారి చూస్తే లోపలిదాకా చూసినట్టుండే కళ్ళు. కొడుకు అంతకు ముందే జ్వరంతో పోయాడు. ఆమె దగ్గర మిగిలింది కోడలు సుక్కి, మనవరాలు ఇడ్మె. ఇడ్మెకు తొమ్మిదో పదో ఉంటాయి. పరుగెత్తి వచ్చేటప్పుడు విత్తనాల కుండలు ఇంట్లోనే పాతిపెట్టి వచ్చారు. వానలకు ముందు అవి తెచ్చుకోకపోతే వచ్చే ఏడు బతుకేమిటని, ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి సుక్కి వెనక్కి వెళ్ళింది. అప్పటికి చెట్ల మీద పిందెలే. సుక్కిని నేను సరిగా చూసింది ఆ ఒక్కసారే. వెళుతూ వెళుతూ ఇడ్మె జుట్టు చిక్కు తీస్తోంది, పిల్ల విదిలించుకుంటోంది, ఆమె నవ్వుతోంది.

కాయలు ఎదిగాక ఒక పొద్దున అమ్మకు గొప్ప ఆలోచన వచ్చింది. రోజూ ఆ చప్పిడి పప్పు తిని వాళ్ళ నోళ్ళు చచ్చిపోయి ఉంటాయని, మందిరం చెట్ల కాయలు కోయించి డేక్సా నిండా మామిడికాయ పప్పు చేసింది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తిరగమోత పెట్టేసరికి ఆ ఘుమఘుమకు నేను, నాన్న ఇద్దరం పళ్ళేలతో తయారయ్యాం. వాళ్ళు వచ్చి మోదుగాకు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అమ్మ గరిటెడు వడ్డించిందో లేదో, మొదటి వరసలో ఒకామె విస్తరికి దణ్ణం పెట్టి లేచిపోయింది. ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే అందరూ లేచి, పిల్లల్ని రెక్కలు పట్టి లేపుకుని చెట్ల కిందికి వెళ్ళిపోయారు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె చేతి వంట కాదన్నవాళ్ళు అంతవరకూ భూమ్మీద పుట్టలేదు మరి. పొయ్యి ఆర్పేస్తానని, ఆకలేసినప్పుడు వాళ్ళే వస్తారని ఒకసారి గట్టిగానే అంది.

ఆ సాయంత్రం ముత్తె అవ్వే వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. "కోపం జెయ్యకు బిడ్డా. పండుం కాలే," అంది. ఆ మాటకు అర్థం ఆమె చాలాసేపు విడమరిచి చెప్పింది. కొత్త కాయ వస్తే ముందు పోయిన పెద్దలకు పెట్టాలి. అది పండుం. వాళ్ళు తిన్నాకే బతికున్నవాళ్ళు నోట పెట్టాలి. అంతవరకూ కొత్త మామిడి తగిలిన గిన్నెలో వండింది కూడా తినకూడదు. తింటే అడవిలో తిరుగుతున్న ఇంటి మనిషికి కీడు. సుక్కి ఇంకా అడవిలోనే ఉంది.

ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండీ అమ్మకు ఈ సంగతి తెలియదు. మా సంఘంలోకి వచ్చినవాళ్ళు ఆ పట్టింపులు వదిలేశారు, మిగతావాళ్ళు మా ఇంట్లో ఎప్పుడూ భోంచేయలేదు. దేవుడిచ్చిన కాయ తినడానికి ఒకరి సెలవు కావాలా అని అమ్మ నాన్నను అడిగింది. నాన్న వాదించలేదు. వాళ్ళ పండుగ అయ్యేదాకా మన పొయ్యి మీదికి మామిడి రానివ్వకు రూతూ, అని మాత్రం అన్నారు. అమ్మ పేరు రూతమ్మ. ఆమె ఏ పనీ సగం చేసే రకం కాదు. మర్నాడే డేక్సాలు బూడిద పెట్టి తోమించింది. మామిడి కోసిన కత్తిపీట అటక ఎక్కింది. ఒకే పెరట్లో వాళ్ళు వాసన చూస్తూ కూర్చుంటే మనం తినడం మర్యాద కాదని, ఆవకాయ జాడీలు బోర్లించేసింది. పాపం నాన్న మజ్జిగన్నంలోకి ఉప్పు మిరపకాయ నంజుకుంటూ, తన నోటి నుంచి వచ్చిన మాటకు ఇంత శిక్షా అన్నట్టు ఆ జాడీల వైపు చూసేవారు. నేను నవ్వితే అమ్మ నా నెత్తిన మొట్టేది.

కొన్నాళ్ళకు తర్లగూడ పూజారి తమ పండుంలో ఆ కుటుంబాలను కూడా కలుపుకున్నాడు. ఇక మా కంచె లోపల పిల్లలకు పండగే పండగ. మోచేతుల దాకా రసం, మూతులకు పీచు, చెట్ల కింద ఈగలు. ఒక్క ముత్తె అవ్వ ఇల్లు మాత్రం కలవలేదు. సుక్కితో వెళ్ళిన ఆడవాళ్ళు అప్పటికి తిరిగొచ్చేశారు, ఆమె లేకుండా. వాగు దాటుతుంటే కాల్పులు వినపడ్డాయట, తలో దిక్కుకూ పరుగెత్తారట. సుక్కి పడిపోవడం ఎవరూ చూడలేదు, లేవడమూ చూడలేదు. నాన్న థానాకు వెళ్ళారు, బీజాపూరు వెళ్ళారు, సుక్మాలో తెలిసినవాళ్ళకు కబురు పంపారు. ఎక్కడా ఏమీ తెలియలేదు. ఇడ్మె మాత్రం మిగతా పిల్లలు తింటుంటే కాస్త దూరంగా కూర్చుని టెంకలు ఏరి వరసగా పేర్చేది. ఎవరైనా పండు చేతిలో పెట్టబోతే, "మా అమ్మ వచ్చినాంక," అనేది. ఏడుస్తూ కాదు, మామూలుగా. ఆ మామూలు గొంతే మా అమ్మను తినేసేది. పిల్లకోసమని తనూ మామిడి ముట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర ముద్ద ఎత్తి, దించి, ఆ పిల్ల తల్లి రావాలని కళ్ళు మూసుకునేది.

బియ్యం పంపే సంఘం పెద్దాయన చూసి పోదామని వచ్చారు. మంచి మనిషే, మా అందరికీ బిస్కెట్లు తెచ్చారు. ముగ్గిన పళ్ళు చెట్ల కింద కుళ్ళుతుండటం, ఒక పిల్ల తినకపోవడం, పాస్టరుగారి భార్య కూడా తినకపోవడం తెలుసుకుని ఆయన మొహం మాడ్చుకున్నారు. ఇది వాళ్ళ ఆచారానికి మనం తల వంచడమేనని, ఒక్క పండు తినిపిస్తే భయం దానంతటదే పోతుందని నాన్నతో అన్నారు. అమ్మ మజ్జిగ గ్లాసు పెద్దాయన చేతికిచ్చి, "ఇంటికి రావలసిన మనిషి దారిలో ఉంటే మీరు భోజనం మొదలెడతారా అండీ?" అంది. ఆయన మజ్జిగ తాగి వెళ్ళారు.

ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది. గాలులకు కాయంతా రాలిపోయింది, కొమ్మ చివర ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి. ఒక మధ్యాహ్నం అమ్మ, ముత్తె అవ్వ వసారాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నేను పక్కనే పడుకుని నిద్ర నటిస్తున్నాను. అవ్వ చేటలోకే చూస్తూ చెప్పింది. ఒక ఏడు పండుం లేకుండా మామిడి కారు దాటిపోతే, ఆ ఇల్లు ఇక లేనట్టే లెక్క. పోయిన పెద్దలు ఆ ఇంటిని మరిచిపోతారు. అందుకని చేసి తీరాలి. చేస్తే బియ్యంతో గీత గీసి, ఆ పక్క పోయినవాళ్ళకు, ఈ పక్క ఉన్నవాళ్ళకు ఆకులు వెయ్యాలి.

"సుక్కి ఆకు ఏ పక్క ఎయ్యాలె బిడ్డా? ఆ పక్క ఏస్తే నా చేతుల్తోని నేనే చంపినట్టు. ఈ పక్క ఏస్తే ఆకు కాడ మనిషి కూసోవాలె. ఉత్త ఆకు పెట్టగూడదు. మనిషేది?"

అమ్మ చేట ఆపేసింది. చూరు కింద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. నాకు నిద్ర నటించడం కష్టమైంది.

"ఈ పక్కనే వెయ్యి అవ్వా," అంది అమ్మ. "నేను కూర్చుంటాను."

అయ్యగారికి మాట రాకూడదని ముత్తె అవ్వ కంచె బయట, వాగు వైపు ఉన్న చెట్టు కింద చోటు అలికింది. చెట్టు చివర మిగిలిన కాయల్ని వాళ్ళలో ఒకతను ఎక్కి దింపాడు. అమ్మ ఆదివారం కట్టుకునే తెల్ల చీర కట్టుకుని బయల్దేరింది. నాన్న ఆమెతో కంచె దాకా నడిచి, అక్కడ ఆగిపోయారు. వద్దనలేదు, రానూ లేదు. ఇన్నేళ్ళ ప్రసంగాల మనిషి, వెదురుగడ పట్టుకుని, పెదాలు కదుపుతూ నిలబడ్డారు. అవ్వ బియ్యపు గీత గీసింది. ఆ పక్క ఆకుల్లో కాయ ముక్కలు పెడుతూ, ఆకు దొన్నెతో ఇప్పసారా చుక్కలు వదులుతూ, తాతల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరే పిలిచింది. చివర కొడుకును పిలిచింది. తరవాత ఈ పక్కకు తిరిగి తనకొకటి, ఇడ్మెకొకటి, మధ్యలో ఇంకొకటి ఆకు వేసింది. అమ్మ ఆ మధ్య ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అవ్వ ఆమె మొహంలోకి చూసి, "సుక్కీ, తిను," అంది.

అమ్మ తింది. వానకు నీరెక్కిన కాయ, పులుపూ తీపీ ఏదీ లేనిది. ఇడ్మె అమ్మ నోటినే చూస్తూ కూర్చుంది. అమ్మ మింగిందని నమ్మకం కుదిరాక తన ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. ఆ తరవాత ఆబగా, రెండు చేతులతో, ఎండాకాలమంతా అణచుకున్న ఆకలితో తింది. నేను ఏడ్చాను. ముత్తె అవ్వ నన్ను కసిరింది, పండుం కాడ ఏడవకూడదట.

ఈ సంగతి పట్నం పెద్దాయనకు ఎవరో చెప్పకముందే నాన్నే వెళ్ళి చెప్పారు. బియ్యం లారీ ఇంకోసారి వచ్చింది, ఆపైన రాలేదు. అమ్మ గాజులు అమ్మి కొంతకాలం పొయ్యి ఆరకుండా చూసింది. వానలు గట్టిగా పడేలోగా కుటుంబాలు గోదావరి అవతల మిరప తోటల పనులకు వెళ్ళిపోయాయి, ముత్తె అవ్వ, ఇడ్మె కూడా. మందిరంలోకి బెంచీలు తిరిగొచ్చాయి. గోడలకు పట్టిన పొగ మాత్రం సున్నం వేసినా పైకి తేలేది. ఆనాటి నుంచి ఏటా పండుం వేళకు అమ్మ గోదావరి దాటి ఇడ్మె వాళ్ళ గూడేనికి వెళ్ళేది. మొదట నాటు పడవ మీద, తరవాత వంతెన మీద బస్సులో, మోకాళ్ళు అరిగాక ఎవరిదో బండి వెనక. సుక్కి ఆకు దగ్గర కూర్చుని తిని వచ్చేది. వచ్చాకే మా ఇంట్లో మామిడికాయ తెగేది. అందుకని మా ఆవకాయ ఎప్పుడూ ఆలస్యం, ముక్కంతా పీచు. చుట్టాలు వెక్కిరిస్తే అమ్మ వినపడనట్టు ఇంకో ముద్ద వడ్డించేది. ముత్తె అవ్వ పోయాక ఇడ్మె మొగుడు ఇల్లరికం వచ్చి ఆ ఇల్లు నిలబెట్టాడు.

ఇప్పుడు తర్లగూడ మీదుగా నున్నటి రోడ్డు. రోడ్డు వెంట సిపాయిల క్యాంపులు, ఫోన్ల టవర్లు. ఎక్కడన్నా జనం చెదిరితే సాయం మా అప్పటికంటే త్వరగానే చేరుతుంది, కాదనను. సంచీలో నూనె, పప్పు, సబ్బు, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. పుచ్చుకున్నవాళ్ళను నిలబెట్టి ఫొటో తీసుకుని బండి వెళ్ళిపోతుంది. చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. వండినవాళ్ళు అలగడానికి, తినేవాళ్ళు లేచిపోవడానికి, ఎందుకని ఒకరినొకరు అడగడానికి అందులో చోటేది? మేం మాత్రం గొప్పగా చేశామా అంటే అదీ లేదు. అన్నీ తడుముకుంటూ, తప్పులు చేస్తూ చేశాం. కాని ఆ ఎండాకాలం ఇప్పటికీ నా లోపల నడుస్తూనే ఉంది.

ఆ పచ్చి కాయలు కొన్న కొద్ది రోజులకే ఇడ్మె వచ్చింది. ఇప్పుడు ముప్పై దాటిన మనిషి, ఆ రోజు వెళ్ళిపోయిన సుక్కి కంటే పెద్దది. అమ్మ జ్ఞాపకార్థ కూడికకు వచ్చి ఏడ్చి వెళ్ళింది గదా, మళ్ళీ ఇంత ఎండలో ఎందుకొచ్చిందా అనుకున్నాను. నీళ్ళు తాగి, నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"వచ్చే వారం పండుం అక్కా. అమ్మగారి పేరు ఆ పక్కన పిలవాలె. మీవోళ్ళల్ల అట్ల పిలవొచ్చో లేదో ఎరుక లేదు. అయ్యగారిని అడుగుదామని వచ్చిన," అంది. నేను జవాబు చెప్పేలోగా తనే మళ్ళీ అందుకుంది. "మా అమ్మను గూడ ఈ ఏడు ఆ పక్కకే పంపుదామనుకుంటున్న. ఇన్నేండ్లు ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ది గాలే. ఇప్పుడు తోడు దొరికింది."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నారు. వినలేదేమో, విన్నా ఏ కాలంలో విన్నారో అనుకున్నాను.

"ఇద్దరికీ ఒకే ఆకు వెయ్యమ్మా," అన్నారు నాన్న. "రూతుకు అక్కడే అలవాటు."

పండుం నాడు వాళ్ళ గూడేనికి నాన్నను జీపులో తీసుకెళ్ళాను. ఇడ్మె, ఆమె మొగుడు, ముగ్గురు పిల్లలు, నాన్న, నేను ఈ పక్క వరసగా కూర్చున్నాం. ఇడ్మె గీత అవతల అన్ని ఆకులూ వేశాక, చివర ఒక పెద్ద ఆకు వేసింది. "సుక్కీ," అంది. ఆ ఆకులోనే ఇంకో ముక్క పెట్టి, "రూతమ్మా," అంది. ఈ పక్క మధ్యలో, ఏటా ఆకు పడే చోట ఈసారి ఉత్త నేలే ఉంది. పిల్లలు ఒకరినొకరు చూసుకుని, ఆ చోటులోకి జరిగి కూర్చున్నారు.